ప్రభుత్వ ప్లీడరు, సొంత ప్రాక్టీసు, కంపెనీ బోర్డు: మూడూ ఒకరికే కుదురుతాయా?

మీ అబ్బాయి ఈ ఏడాదే లా పూర్తి చేశాడనీ, కొన్నాళ్లు ప్రభుత్వం తరఫున వాదించి, తర్వాత సొంతంగా పేరు తెచ్చుకుని, చివర్లో కంపెనీ బోర్డులో కూర్చునే దారి ఎలా ఉంటుందనీ అడిగారు. గుంటూరు బ్రాడీపేటలో సరిగ్గా అలాంటి ఒక పెద్దాయన దగ్గర ఏడేళ్లు జూనియర్‌గా చేశాను. ఇప్పుడు విజయవాడలో నా ప్రాక్టీసు నాది.

ప్రభుత్వం తరఫు పని అంతా ఒకటే అనుకోకండి. ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) అంటే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే, పరీక్ష రాసి తెచ్చుకునే జీతం ఉద్యోగం, బయటి కేసులు పట్టడానికి లేదు. జీపీ (ప్రభుత్వ ప్లీడరు), ఏజీపీలు (ఆయన సహాయకులు) జీవోతో, అంటే ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తారు. ప్రైవేటు కేసులు చూసుకోవచ్చు కానీ ప్రభుత్వం మీద వేయకూడదు. సర్కారు మారిందంటే ఆ కుర్చీ కూడా చాలాసార్లు మారిపోతుంది.

మా సీనియర్ గారు జీపీగా చూసినవి ఎక్కువగా భూసేకరణ ఓపీలు, అంటే నష్టపరిహారం మీద కోర్టుకు వచ్చే కేసులు. తహశీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన పేరావైజ్ రిమార్కుల్ని (పిటిషన్‌లోని ఒక్కో పేరాకు ఇచ్చే జవాబుల్ని) దించేసి కౌంటర్, అంటే కోర్టుకిచ్చే జవాబు, వేస్తే ఆయన ఊరుకునేవారు కాదు. "నోట్ ఫైల్ తెప్పించు. మార్జిన్లో ఎవరేం గీశారో చూడు," అనేవారు. నోట్ ఫైలంటే అధికారులు తమ అభిప్రాయాలు రాసుకునే ఫైలు. ఫైల్లో లేనిది జరగనట్టే అన్నది ఆయనకు అక్కడ పట్టుబడింది.

ఆయన సొంత ప్రాక్టీసులోకి వచ్చాక వదులుకున్న కేసులే నాకు బాగా గుర్తు. ఒకసారి కోల్డ్ స్టోరేజీ ఆయన మంచి ఫీజు ఇస్తానంటూ కేసు కట్ట బల్ల మీద పెట్టాడు. సీనియర్ గారు నాలుగు కాగితాలు తిప్పి, సర్వే నంబరు దగ్గర ఆగి, తాడు మళ్లీ కట్టేసి ఇచ్చేశారు. "ఈ భూమి మీద అప్పట్లో నేనే ఒపీనియన్ ఇచ్చానండీ." అంతే! ఆ నెల గుమాస్తా జీతానికి వెతుక్కున్న సంగతి నాకు తెలుసు. ఒకసారి ఒక పక్షానికి సలహా ఇచ్చాక అదే వివాదంలో అవతలి పక్షానికి వకాల్తా వేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. పాటించేవాళ్లు ఎంతమంది అంటే, అది వేరే కథ.

బోర్డు సంగతి. లాయరు కంపెనీకి డైరెక్టరుగానో, బోర్డు ఛైర్మన్‌గానో ఉండి సిట్టింగ్ ఫీజు, అంటే మీటింగుకు హాజరైనందుకు ఇచ్చే డబ్బు, తీసుకోవచ్చు. మేనేజింగ్ డైరెక్టరుగా, సెక్రటరీగా ఉండకూడదు, రోజువారీ పెత్తనం చేయకూడదు. చట్టం మీటింగుకు లక్ష రూపాయల దాకా ఒప్పుకుంటుంది. ఒక కంపెనీ బోర్డులో ఉన్న మా సీనియర్ గారికి ముట్టింది అందులో పిసరంత.

అప్పటికి హైకోర్టు ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది. నాకూ అక్కడ పని పడి, ఒకసారి బోర్డు మీటింగుకు వెళ్తున్న ఆయనతో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నడికుడి రాకముందే అజెండా కట్ట సగం చదివేశారు. యజమాని బంధువుల కంపెనీకి అప్పు ఇచ్చే తీర్మానం పక్కన పెన్సిల్‌తో "ఎందుకు?" అని రాసుకున్నారు. మీటింగులో అడిగారట. తీరా డ్రాఫ్ట్ మినిట్స్ (మీటింగులో జరిగినదాని ముసాయిదా) వస్తే ఆ ప్రశ్నే లేదు. అభ్యంతరం చెప్పడానికి ఏడు రోజులే గడువు. మూడో రోజుకే ఉత్తరం పంపి చేర్పించారు. ఇండిపెండెంట్ డైరెక్టరు (యాజమాన్యంతో సంబంధం లేని బయటి డైరెక్టరు) మెడకు కేసు చుట్టుకుంటే తెలిసి ఒప్పుకున్నాడా, జాగ్రత్త పడ్డాడా అని చూస్తారు. అప్పుడు చేతిలో ఉండేది ఆ మినిట్సే.

దారి తిన్నగా ఉండాలనీ లేదు. కోకా సుబ్బారావు గారు బాపట్లలో కొన్ని నెలలు మున్సిఫ్‌గా (కింది కోర్టు జడ్జిగా) చేసి మళ్లీ ప్రాక్టీసుకే వచ్చేశారు. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

మీ వాణ్ని ముందు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యి, సివిల్ సైడ్ చూసే సీనియర్ దగ్గర చేరమనండి. మొదటి రెండేళ్లూ పెట్రోలు డబ్బులు మీరే ఇవ్వాల్సి వస్తుంది, దానికి మాత్రం సిద్ధపడండి.