కన్వీనర్ చేతిలోనే అంతా ఉంటే: నా సలహా

అన్నా, మీరు చెప్పింది ఇదే కదా: నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు, ఒకేషనల్ లెక్చరర్లు, పీహెచ్‌డీ స్కాలర్లు కలిసి వృత్తి విద్యపై పరిశోధన నెట్‌వర్క్ పెట్టుకున్నారు. చందాలు కన్వీనర్ సొంత ఖాతాలో పడుతున్నాయి, సెమినార్ పేపర్లూ ఆయనే ఎంపిక చేస్తున్నారు. సొసైటీగా రిజిస్టర్ చేయాలా అని అడిగారు.

చేయొచ్చు. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. కానీ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కలు, రిజిస్ట్రార్‌కు కమిటీ జాబితా తప్పవు. ఆ పని చూసే ఓపిక ఎవరికుందో ముందే తేల్చుకోండి. లేదంటే పెద్ద సంస్థలో భాగంగా ఉండండి. యూరప్‌లో ఈ రంగపు వెట్‌నెట్ అలాంటిదే, అక్కడి విద్యా పరిశోధన సంఘం ఈఈఆర్‌ఏలో రెండో నంబరు నెట్‌వర్క్. మీకు పాలమూరు యూనివర్సిటీనో, మహాత్మాగాంధీ యూనివర్సిటీనో ఉన్నాయి. నోటి మాటతో సరిపెట్టకుండా రాతలో పెట్టించుకోండి, అక్కడి డిపార్ట్‌మెంట్ హెడ్ మారితే అంతా మొదటికొస్తుంది.

ఖాతా మాత్రం ఈ నెలలోనే మార్చండి, ఇద్దరి సంతకాలతో. కన్వీనర్‌ను దొంగలా నిలబెట్టకండి, ఆయన లేకపోతే ఇదంతా మొదలయ్యేదే కాదు.

పేపర్ల విషయం కొంచెం చిక్కు. పేర్లు తీసేసి సమీక్షకు పంపినా ఇంత చిన్న గుంపులో రాసిందెవరో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ఇద్దరు సమీక్షకుల్లో ఒకరిని బయటి జిల్లా నుంచి పెట్టండి. కమిటీలో సగం సీట్లు ఐటీఐ వాళ్లకే ఉంచి, మీటింగ్ ఆదివారం పెట్టండి. వర్క్‌షాప్ వదిలి వాళ్లు రాలేరు.