ఆ ‘ముందు’ ఫొటోలో ఉన్నది ఎవరి మంచం?

ప్రశ్న: నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో ఇద్దరం ఉంటున్నాం. ఎదురెదురు గోడలకు మంచాలు. చిన్నప్పటి నుంచి నాకు గది అలంకరణ అంటే పిచ్చి. ఇంట్లో చెల్లితో కలిసి ఒకే గది కావడంతో నా ఇష్టం ఎప్పుడూ సాగలేదు. ఇక్కడికొచ్చాక నా వైపు గోడకు ఫొటోలు అతికించాను, సీరియల్ లైట్లు కట్టాను, అద్దం పెట్టాను. కానీ నా రూమ్మేట్ వైపు చూస్తే ఉసూరుమనిపిస్తుంది. వెలిసిపోయిన దుప్పటి, ఇనుప ట్రంకు పెట్టె, గోడకు ఒక క్యాలెండరు. పాపం డబ్బు ఇబ్బందేమో అనుకుని, ఆమె క్లాసుకు వెళ్ళినప్పుడు నా డబ్బుతో కొన్న దుప్పటి పరిచి, పెట్టె మీద గుడ్డ కప్పి, క్యాలెండరు తీసేసి సర్‌ప్రైజ్ ఇచ్చాను. ముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా ఉంది అని ఇన్‌స్టాలో ఫొటోలు కూడా పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఆ దుప్పటి మడిచి నా మంచం మీద పెట్టేసింది. అప్పటి నుంచి అవసరమైతేనే మాట్లాడుతోంది. ‘నీ మంచితనం ఆ పిల్లకు అర్థం కాలేదు, గది మార్చుకో’ అంటోంది అమ్మ. ఇంత చిన్న గదిలో నా స్టైల్ కనిపించేలా ఎలా సర్దుకోవాలి? ఆమెను ఎలా ఒప్పించాలి? దుప్పట్లు లేత రంగువైతే బాగుంటాయా, ముదురువా?

జవాబు: గది సర్దుకోవడం గురించి చెబుతాలే, అదేం బ్రహ్మవిద్య కాదు. దానికన్నా ముందు, నీ ఉత్తరంలో నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. ‘ముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా ఉంది’ అని ఫొటోలు పెట్టానన్నావు. ఆ ‘ముందు’ ఫొటోలో ఉన్నది ఎవరి మంచం? ఎవరి పెట్టె?

నిన్ను ఫాలో అయ్యేవాళ్ళలో చాలామంది ఆ అమ్మాయికి కూడా తెలిసినవాళ్ళే అయ్యుంటారు. పక్క గదివాళ్ళు, క్లాసులో వెనక బెంచీవాళ్ళు, మెస్‌లో ఎదురుగా కూర్చునేవాళ్ళు. వాళ్ళంతా ఆమె దుప్పటి చూశారు. చూసి నిన్ను మెచ్చుకున్నారు. నీకు పడ్డ ఒక్కో లైకూ ఆ పిల్ల దుప్పటిని వెక్కిరించినట్టే. ఇది నీ ఉద్దేశం కాదని నాకు తెలుసు. ఉద్దేశం మంచిదే అన్న మాట ఆమెకు ఎందుకూ పనికిరాదు. రేపు కూడా ఆ ముఖాల ముందే ఆమె కంచం పట్టుకుని నిలబడాలి కదా.

ఆమె నీతో పోట్లాడలేదు. వార్డెన్‌కు చెప్పలేదు. దుప్పటిని విసిరికొట్టకుండా మడిచి పెట్టింది. ఆ వయసులో నాకైతే అంత నిదానం ఉండేది కాదు.

డబ్బు ఇబ్బందేమో అనుకున్నావు. అడిగావా? ఆ ట్రంకు పెట్టె వాళ్ళ నాన్న హాస్టల్లో ఉండి చదువుకున్నప్పటిది కావచ్చు. తాళం పడుతుంది కదా అని కోరి తెచ్చుకున్నది కావచ్చు. నిజంగానే చేతిలో డబ్బు లేకపోయీ ఉండవచ్చు. వీటిలో ఏది నిజమైనా నీకు అనవసరం. అడగకుండా పెట్టేదానికి సాయం అని పేరు పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ గిట్టదు. తీసుకునేవాళ్ళకు వద్దనే దారి కూడా లేకుండా చేసి, పైగా సంతోషపడలేదేమని అడుగుతాం. ఇక ఆ క్యాలెండరు. పరీక్షల తేదీలు, ఇంటికి వెళ్ళే రోజు, ఎవరికి ఎంత బాకీ ఉందో అందరూ క్యాలెండరు మీదే గుర్తు పెట్టుకుంటారు. అది తీసి ఎక్కడ పెట్టావో, తిరిగి ఇచ్చావో లేదో ఉత్తరంలో లేదు. నీకు గుర్తుందా మరి?

చెల్లితో ఒకే గది కాబట్టి ఇంట్లో నీ ఇష్టం సాగలేదన్నావు. సాగదు మరి. చెల్లెలైతే అరుస్తుంది, జడ పట్టుకుని లాగుతుంది, అమ్మ దగ్గరకు పరుగెడుతుంది. ఈ అమ్మాయికి ఇక్కడ అమ్మ లేదు. చెల్లి దగ్గర సాగనిది ఈమె దగ్గర సాగించుకున్నావు. ఈ మాట నీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పకపోతే నువ్వు ఉత్తరం రాసి ప్రయోజనం లేదు.

మీ అమ్మగారిని తప్పుపట్టను. కూతురు ఫోన్‌లో ఏడుపు గొంతుతో చెబితే ఏ తల్లైనా కూతురి పక్షమే మాట్లాడుతుంది. కానీ ఒకసారి ఇలా అడిగి చూడు: ‘రేపు చెల్లి హాస్టల్‌కు వెళితే, దాని మంచం ఎవరో మార్చేసి, పాత దుప్పటి ఫొటో కాలేజీ అంతా చూపిస్తే నువ్వేమంటావమ్మా?’ ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ తర్వాత రూమ్మేట్ సంగతులు ఇంటికి మోయడం మానెయ్యి. ఇక్కడ ఇద్దరి మధ్య రెండు రోజుల్లో సద్దుమణిగేది అక్కడికి చేరితే నెలల తరబడి ఉంటుంది. గది మారడం గురించి అయితే నేను ఒక్క మాటే చెబుతాను. ఆ గదిలోనూ ఇంకో మంచం ఉంటుంది, దాని మీద ఇంకో దుప్పటి ఉంటుంది.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఫొటోలు తీసెయ్యి. కనిపించకుండా దాచడం కాదు, డిలీట్ చెయ్యి. తీసేశాక ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు: ‘నిన్ను అడగకుండా నీ మంచం ముట్టుకున్నాను, నీ సామాను ఫొటో తీసి అందరికీ చూపించాను. తప్పు చేశాను. ఫొటోలు తీసేశాను.’ అంతటితో ఆపెయ్యి. ‘నీ మంచి కోసమే అనుకున్నాను’ అన్న తోక తగిలించకు. ఏదైనా కొనివ్వాలని అసలే చూడకు. క్యాలెండరు నీ దగ్గరే ఉంటే ఆమె చేతికివ్వు. ఎక్కడ తగిలించుకోవాలో ఆమె చూసుకుంటుంది. ‘సరే’ అని పుస్తకంలో తల దూర్చేసినా ఊరుకో. మాట్లాడాలో లేదో తేల్చుకోవడానికి ఆమెకు ఎన్ని రోజులైనా పట్టొచ్చు, పట్టనివ్వు.

ఆమెను ఎలా ఒప్పించాలి అని అడిగావు. ఆ ప్రశ్న నేను చదవలేదనుకో.

ఇక నీ గది. ఒక లెక్క చూద్దాం. గది మొత్తం నూరు చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న మంచాలు రెండు వేస్తే 36 పోయాయి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న బల్లలు రెండు, అలాంటివే బీరువాలు రెండు వేసుకుంటే ఇంకో 24. మిగిలింది 40 చదరపు అడుగులు. అందులోనే తలుపు తెరుచుకోవాలి, ఇద్దరూ నడవాలి, చెప్పులు విడవాలి. ఆ నలభై ఇద్దరివీ. అందువల్ల నేల మీద పెట్టే అలంకరణ ఏదీ వద్దు. నీ మంచం, దాని వెనక గోడ, నీ బల్ల, వీటిలో ఎంత స్టైల్ పట్టినా నీ ఇష్టం.

నువ్వు గమనించావో లేదో, ఎదురెదురు మంచాలున్న గదిలో నీ గోడను పొద్దస్తమానం చూసేది ఆ అమ్మాయే. నీకు కనిపించేది ఆమె గోడ. నీ ఫొటోలన్నీ ఆమె కళ్ళ ముందు ఉన్నాయి, ఆమె ఏనాడైనా తీసెయ్యమందా? కాబట్టి ఫొటోలు తగ్గించు. ఉన్న చోటంతా నింపేస్తే చిన్న గది ఇంకా ఇరుకుగా కనిపిస్తుంది. ప్రదర్శనశాలల్లో నిలబడి చూస్తారు కనుక బొమ్మ మధ్యభాగం నేలకు సుమారు 57 అంగుళాల ఎత్తులో ఉండేలా తగిలిస్తారు. హాస్టల్లో మనం కూర్చునో పడుకునో చూస్తాం, ఇంకాస్త కిందికి తగిలించుకుంటే నీకు ఇష్టమైనవి నీకే దగ్గరగా ఉంటాయి. బల్ల ముందున్న గోడకు పెట్టుకుంటే ఇంకా మంచిది, చదువుకునేటప్పుడు చూసుకోవచ్చు.

దేనితో అతికించావో రాయలేదు. రెండు వైపులా అంటుకునే టేపు అయితే తీసేటప్పుడు పెయింటు పెచ్చులుగా వచ్చేస్తుంది, గది ఖాళీ చేసేటప్పుడు ఆ కోత ఇద్దరి డిపాజిట్‌లోనూ పడొచ్చు. సాగదీసి తీసే జిగురు పట్టీలు ఉంటాయి, వాటిని గోడ వెంబడే కిందికి మెల్లగా లాగాలి, నీ వైపు లాగితే పెయింటుతో సహా వస్తాయి. గోడ సున్నందో డిస్టెంపరుదో అయి చేతికి పొడి అంటుకుంటుంటే ఏ పట్టీ నిలవదు. అప్పుడు ఒక కార్క్ బోర్డు తెచ్చుకుని బల్ల మీద గోడకు ఆనించు, దాని మీద నీ ఇష్టం.

సీరియల్ లైట్ల సంగతికొస్తే, వెలుతురు నీ మంచం దగ్గరే ఆగిపోదు. రాత్రిపూట కళ్ళలో పడే తెల్లని కాంతి ఒంట్లో నిద్రవేళను తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్‌ను తగ్గించి నిద్రను వెనక్కి నెడుతుంది. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉంటే పసుపు ఛాయ, 6500 అని ఉంటే పగటి తెలుపు. పసుపు ఛాయవే వాడు, ఎన్ని గంటలకు ఆర్పాలో ఆమెను అడుగు. చదువుకునే దీపం నీ బల్ల మీదికి వంగి ఉండాలి. కుడి చేత్తో రాసేదానివైతే ఎడమ పక్క పెట్టుకో, చేతి నీడ కాగితం మీద పడదు. లైట్లు, ల్యాప్‌టాపు, ఇస్త్రీ పెట్టె ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టడం, ఆ బోర్డును ఇంకో బోర్డుకు గుచ్చడం, అందం కోసం బల్బు మీద చున్నీ కప్పడం, ఈ మూడూ వద్దు. అంటుకుంటే ఇద్దరూ నిద్రలో ఉంటారు.

అద్దం మంచి ఆలోచనే. కిటికీకి ఎదురుగానో, పక్క గోడకో పెడితే పగటి వెలుతురు గదిలోకి బాగా పరుచుకుంటుంది, గది కాస్త పెద్దదిగా అనిపిస్తుంది. కాకపోతే నీ మంచం మీద కూర్చుని ఒకసారి అందులోకి చూడు. ఆమె బట్టలు మార్చుకునే మూల కనిపిస్తోందా? కనిపిస్తే దాన్ని ఈ రాత్రికే తిప్పెయ్యి.

అన్నట్టు, మీ గదిలో అన్నిటికన్నా తెలివైన సామాను ఆ ట్రంకు పెట్టే. మంచం కింద పడుతుంది, తాళం పడుతుంది, చెద పట్టదు, స్నేహితురాలు వస్తే బయటికి లాగి కూర్చోబెట్టవచ్చు. నువ్వు దాని మీద గుడ్డ కప్పావు.

దుప్పటి రంగు అడిగావు కదా. లేత రంగు గదిని వెడల్పు చేసి చూపిస్తుంది, నిజమే. కానీ హాస్టల్లో ఉతుక్కునేది నువ్వే, పరీక్షలప్పుడు ఉతకవు కూడా. ముదురుదే కొనుక్కో.