డాక్టర్ సలహా: పాపకు పాలసీసా ఎక్కడ కొనాలి, ఏం చూసి కొనాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు అయిదు నెలలు నిండాయి. ఇంతవరకు నా పాలు తప్ప మరేమీ పట్టలేదు. ఇంకో మూడు వారాల్లో ప్రసూతి సెలవు పూర్తయి బ్యాంకు ఉద్యోగంలో మళ్లీ చేరాలి. పగటిపూట పాపను మా అత్తగారు చూసుకుంటారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు తన బాబుకు వాడిన పాలసీసాలు, పాలు తీసే పంపు పంపిస్తానంటోంది. ఆన్‌లైన్‌లో ఆరు సీసాల సెట్టు సగం ధరకు, పైగా ఒక బొమ్మ ఉచితంగా వస్తోంది. మా ఊరి మందుల దుకాణంలో ఒక్క సీసాకే చాలా ధర చెబుతున్నారు. గాజు, స్టీలు, ప్లాస్టిక్‌లలో ఏది మంచిది? ఎవరి దగ్గర కొంటే నమ్మవచ్చు? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, అయిదు నెలలపాటు కేవలం మీ పాలతోనే పాపను పెంచారు. అందుకు ముందుగా నా అభినందనలు. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ఆ పాలు మానిపించవలసిన అవసరం లేదు. మీరు ఇంట్లో లేని ఎనిమిది, తొమ్మిది గంటల్లో పాపకు సుమారు మూడుసార్లు పాలు పట్టవలసి వస్తుంది. ఆరు నెలలు నిండగానే మెత్తని ఆహారం కూడా మొదలుపెడతారు కాబట్టి, రానురాను అది కూడా తగ్గుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం ఇంటికి రాగానే, రాత్రివేళ మీరే నేరుగా పాలివ్వవచ్చు. ఈ లెక్క చూసుకుంటే ఆరు సీసాల సెట్టు మీకు అక్కరలేదని తెలుస్తుంది. రెండు మంచి సీసాలు చాలు. నన్నడిగితే, అవి కొనేముందు అసలు సీసా లేకుండా గడుస్తుందేమో ఒకసారి ఆలోచించమంటాను.

మీ అత్తగారికి ఉగ్గుగిన్నె తప్పకుండా తెలిసే ఉంటుంది. వెనకటి రోజుల్లో ప్రతి ఇంట్లో ఇత్తడిదో వెండిదో ఒకటి ఉండేది, ఇప్పుడు స్టీలువి దొరుకుతున్నాయి. నెలలు నిండకుండా పుట్టి, రొమ్ము పట్టి చీకలేని పసికందులకు ఆసుపత్రుల్లో నర్సులు తల్లిపాలు పట్టేది ఈనాటికీ ఇలాంటి మూతి ఉన్న గిన్నెతోనే. ఇందులో మూల అనేది లేదు, చిల్లు లేదు, బిరడా లేదు. లోపలంతా కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, నిమిషంలో కడిగి మరిగించవచ్చు. అయిదారు నెలల బిడ్డ చిన్న గిన్నె అంచున కూడా చక్కగా తాగగలదు. అయితే పట్టే పద్ధతి మారాలి. కాళ్లు చాపుకొని, బిడ్డను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తున్నా నోట్లో పోసే పాత అలవాటు ప్రమాదకరం, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాపను ఒడిలో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకొని, గిన్నె అంచును కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకేంత మాత్రమే వంచి, తనంతట తాను నాలుకతో అందుకొనే వరకు ఆగాలి. మొదటి రెండు మూడు రోజులు సగం పాలు జుబ్బా మీదికే పోతాయి. ఓపిక పడితే వారంలో అలవాటవుతుంది.

ఇక సీసాయే కావాలనుకుంటే, కంపెనీ పేరు కన్నా ముందు సీసా మీద ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడండి. మన దేశంలో పాలసీసాలకు ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. పాలపొడి డబ్బాలు, పాలసీసాలు, శిశు ఆహారాల ఉత్పత్తి, సరఫరా, పంపిణీలను నియంత్రిస్తూ 1992లో చేసిన ఆ చట్టాన్ని 2003లో మరింత కఠినం చేశారు. దాని ప్రకారం భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చే ఈ ఐఎస్‌ఐ గుర్తు లేని పాలసీసా అమ్మకూడదు. ప్లాస్టిక్ సీసా అయితే ఆ గుర్తు పైన ఐఎస్ 14625 అనీ, గాజు సీసా అయితే ఐఎస్ 5168 అనీ, గుర్తు కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఆ లైసెన్సు ఇచ్చారో, అది ఇంకా అమల్లో ఉందో లేదో కనిపిస్తుంది. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు. గుర్తు మాత్రమే ఉండి నంబరు లేకపోతే ఆ సీసా తీసుకోకండి.

అదే చట్టం పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని, ఉచిత నమూనాలు, కానుకలు పంచడాన్ని, మరో రకంగా తల్లులను ప్రలోభపెట్టడాన్ని నిషేధించింది. తల్లిపాలు ఇవ్వగలిగిన వారిని కూడా సీసావైపు లాగే వ్యాపారాన్ని ఆపడానికే ఈ నిషేధం. కాబట్టి సీసాలతోపాటు బొమ్మ ఉచితమని ఊరిస్తున్న ఆ అమ్మకందారు చట్టాన్ని పట్టించుకోవడం లేదని అక్కడే తేలిపోతోంది. ఈ నియమాన్నే లెక్కచేయని వ్యక్తి ప్లాస్టిక్ నాణ్యత విషయంలో జాగ్రత్తగా ఉంటాడని నేను అనుకోలేను. ఆ సెట్టు వద్దు.

మందుల దుకాణమైనా, పిల్లల వస్తువుల దుకాణమైనా, ఆన్‌లైన్ అయినా చూడవలసినవి ఒకటే. సీసా సీలు తీయని పెట్టెలో ఉండాలి. పెట్టెమీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు కోసం ఫోన్ నంబరు ఉండాలి. విదేశీ వస్తువైతే దిగుమతిదారు చిరునామా, తయారైన దేశం పేరు కూడా ఉండాలి. అడగకుండానే బిల్లు ఇచ్చే దుకాణాన్ని ఎంచుకోండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెబ్‌సైటు పేరు పెద్దదైనంత మాత్రాన సరిపోదు, అందులో ఆ సీసాను నిజంగా అమ్ముతున్నది ఎవరో చూడండి. వీలైనంతవరకు తయారీ కంపెనీ సొంతంగానో, దాని అధీకృత విక్రేతగానో నమోదైన చోటే కొనండి. ఇంటికి వచ్చిన పెట్టె సీలు ఊడి ఉన్నా, సీసా లోపల తడి మరకలు కనిపించినా అది వేరొకరు వాపసు చేసినదై ఉండవచ్చు, వెంటనే తిప్పి పంపండి. తిరిగి తీసుకోకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేయవచ్చు. జాతరల్లో, ఫుట్‌పాత్‌ల మీద కవర్లలో వేలాడే సీసాలకు ఈ వివరాల్లో ఒక్కటీ ఉండదు. రేపు ఏదైనా జరిగితే అడగడానికి మనిషే దొరకడు.

గాజా, స్టీలా, ప్లాస్టికా అన్నారు. ఇంట్లో అత్తగారి చేతిమీదుగా వాడతారు కాబట్టి, వేడికి తట్టుకొనే బోరోసిలికేట్ గాజుతో చేసిన, మూతి వెడల్పుగా ఉన్న, 120 మిల్లీలీటర్ల చిన్న సీసాలు రెండు మీకు సరిపోతాయని నా అభిప్రాయం. గాజుకు గీతలు పడవు, వాసన పట్టదు, ఎన్నిసార్లు మరిగించినా దానిలోంచి పాలలోకి ఏమీ దిగదు. కింద పడితే పగులుతుందన్నదే భయం. అంచు చిట్లిన సీసాను మాత్రం ఒక్కరోజు కూడా వాడకండి. ప్లాస్టిక్ తీసుకుంటే పాలీప్రొపిలీన్ మంచిదే. సీసా అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అదేనని అర్థం. పాతకాలపు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ సీసాల్లో బిస్ఫినాల్-ఎ (బీపీఏ) అనే రసాయనం ఉండేది, శరీరంలోని హార్మోన్ల పనికి అది అడ్డుపడవచ్చన్న ఆందోళనతో ఐరోపా సమాఖ్య 2011లో, అమెరికా 2012లో ఆ ప్లాస్టిక్‌ను పాలసీసాలకు వాడకుండా ఆపేశాయి. మన ఐఎస్ 14625 ప్రమాణం కూడా ఆ రసాయనాన్ని అనుమతించదు. అందుకే ‘బీపీఏ ఫ్రీ’ అన్న స్టిక్కరు ఒక్కటే చూసి మోసపోవద్దు, ఐఎస్‌ఐ గుర్తు కూడా ఉండాలి. పాలీప్రొపిలీన్ సీసాల్లో బాగా వేడి ద్రవాలు పోసి కుదిపితే కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు విడుదలవుతాయని 2020లో ఐర్లండ్ పరిశోధకులు చూపించారు. కాబట్టి వాటిలో గోరువెచ్చని పాలే పోయాలి, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. స్టీలు సీసా గట్టిదే కానీ, లోపల పాలు ఎన్ని మిగిలాయో, గోడకు ఏం అంటుకుందో బయటికి కనిపించదు, అందుకని నా ఓటు దానికి కాదు.

సీసా కన్నా పాలపీకే ఎక్కువ ముఖ్యం, కానీ దుకాణంలో దాని గురించి అడిగేవారు తక్కువ. నా దగ్గరికి ఒకసారి మూడు నెలల బాబును తీసుకొచ్చారు. పాలు తాగుతూ ఉక్కిరిబిక్కిరవుతున్నాడు, ప్రతిసారీ కక్కుతున్నాడు. సీసా చూపించమని తలకిందులుగా పట్టుకుంటే పాలు చుక్కలుగా కాకుండా దారంలా కారాయి. బాబు త్వరగా తాగడం లేదని నాయనమ్మ దబ్బనాన్ని పొయ్యిమీద ఎర్రగా కాల్చి పీక చిల్లును పెద్దది చేసిందట. ప్రేమతోనే చేసింది, కానీ ఆ కాలిన అంచు నుంచి రబ్బరు పొరలు కూడా ఊడుతున్నాయి. పీక మార్చిన వారానికి కక్కడం బాగా తగ్గింది. కొనేటప్పుడు నెమ్మదిగా పాలు వచ్చే సైజు అడగండి. సీసా తిరగవేస్తే సెకనుకు సుమారు ఒక చుక్క పడాలి. లేటెక్స్ రబ్బరు పీకలు పసుపుపచ్చగా ఉంటాయి, త్వరగా జిగురెక్కుతాయి, కొందరు పిల్లలకు వాటితో ఎలర్జీ వస్తుంది. తెల్లగా, పారదర్శకంగా ఉండే సిలికాన్ పీకలు మేలు. వాడే ముందు ప్రతిరోజూ పీకను నాలుగు వైపులా గట్టిగా లాగి చూడండి. చిరుగు, సాగుదల, జిగురు కనిపిస్తే పారేయండి. ఏమీ కనిపించకపోయినా రెండు మూడు నెలలకొకసారి మార్చండి.

కడుపులోకి గాలి పోదని చెప్పి గొట్టాలు, కవాటాలు, అడుగున విడిపోయే మూతలు ఉన్న సీసాలను ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నేను వాటిని సిఫారసు చేయను. విరేచనాలతో వచ్చిన పిల్లల సీసాలను నేను గది వాష్‌బేసిన్ దగ్గరే విప్పి చూస్తుంటాను. సీసా తళతళలాడుతూ ఉంటుంది. పీకను బిగించే ప్లాస్టిక్ రింగును విప్పి, దాని మరల్లో దూది పుల్ల తిప్పితే పసుపుపచ్చని పెరుగు ముద్దలాంటిది వస్తుంది, పుల్లటి వాసన గుప్పుమంటుంది. ఆ తల్లి ముఖం చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆమె రోజూ కడుగుతూనే ఉంది, ఆ మర లోపలికి బ్రష్షు వెళ్లదని ఆమెకెవరూ చెప్పలేదు. విప్పితే మూడే ముక్కలయ్యే సీసా, అంటే సీసా, రింగు, పీక, అంతకుమించి ఏదీ లేనిది కొనండి. పెద్ద బ్రష్షు ఒకటి, పీకకు చిన్న బ్రష్షు ఒకటి విడిగా తీసుకొని, వాటిని అంట్లకు వాడకండి. పాలు తాగగానే చల్లనీళ్లతో తొలిచి, తర్వాత సబ్బునీళ్లతో రుద్ది, అన్ని ముక్కలూ పూర్తిగా మునిగేలా, లోపల గాలి బుడగలు లేకుండా నీళ్లలో వేసి, నీరు మరగడం మొదలైన తర్వాత 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. బోరు నీటితో మరిగిస్తే తెల్లటి సున్నపు పొర పడుతుంది, ఫిల్టరు నీళ్లు వాడితే ఆ ఇబ్బంది ఉండదు. గుడ్డతో తుడవకుండా ఆరనివ్వండి.

మీ ఆడపడుచుకు నొప్పి కలగకుండా చెప్పండి, ఆమె వాడిన సీసాలు వద్దు. గీతలు పడిన ప్లాస్టిక్‌లో క్రిములు దాక్కుంటాయి, పీకలు ఈపాటికి పాతబడి ఉంటాయి. అక్కడి కొన్ని సీసాల మీద కొలతలు ఔన్సుల్లోనే ఉంటాయి, ఒక ఔన్సు సుమారు 30 మిల్లీలీటర్లు. పంపు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇంట్లో వాడే చాలా పంపులు ఒక్కరి కోసమే తయారైనవి. గొట్టంలోంచి మోటారులోకి పాల తేమ పోయే రకమైతే, లోపల బూజు పట్టినా మనకు కనిపించదు, మరిగించి శుభ్రం చేయడానికి వీలుండదు. పైగా అమెరికా పంపు అక్కడి 120 వోల్టులకే పనికొచ్చేదైతే మన 230 వోల్టుల ప్లగ్గులో కాలిపోతుంది. ఇక్కడే కొత్తది, పాలు మోటారువైపు వెళ్లకుండా అడ్డుపొర ఉన్నది కొనుక్కోండి. రొమ్ముకు పెట్టే గరాటు సరైన సైజుది కావాలి, నొప్పి పుడుతూ ఉంటే సైజు తప్పని అర్థం. చేత్తో పిండుకోవడం నేర్చుకుంటే పంపే అక్కరలేని వారు కూడా ఉన్నారు, మీరు ప్రసవించిన ఆసుపత్రి నర్సులు పది నిమిషాల్లో నేర్పుతారు. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పనివేళల్లో రెండు విరామాలు పాలివ్వడం కోసం చట్టం ఇచ్చింది. పాలు తీసుకోవడానికి ఆ సమయాన్ని వాడుకుంటానని మీ మేనేజరుకు ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి.

తీసిన పాలను మూత ఉన్న, మరిగించి ఆరబెట్టిన చిన్న స్టీలు లేదా గాజు డబ్బాల్లో 60 నుంచి 90 మిల్లీలీటర్ల చొప్పున విడివిడిగా పోసి, తేదీ, సమయం రాయండి. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు మించకపోతే నాలుగు గంటలు ఉంటాయి, మన వేసవిలో అంత చల్లటి గది దొరకదు కాబట్టి వెంటనే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టి 24 గంటల్లోగా వాడండి. బ్యాంకు నుంచి ఇంటికి ఐసు ప్యాకులున్న సంచిలో తెచ్చుకోండి. పట్టేముందు డబ్బాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచితే చాలు, పొయ్యిమీద కాచకూడదు. పాప నోరు పెట్టిన సీసాలో మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయవలసిందే, ఎంత కష్టపడి తీసినవైనా సరే. సీసాను దిండుకు ఆనించి పాప నోట్లో పెట్టి వదిలేయడం, నిద్రలో నోట్లోనే ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయవద్దని అత్తగారితో గట్టిగా చెప్పండి, పొలమారే ప్రమాదంతోపాటు చెవిలో ఇన్‌ఫెక్షన్లు, వచ్చే పళ్లకు పిప్పి అక్కడే మొదలవుతాయి.

ఇవన్నీ ఉద్యోగంలో చేరే ముందురోజు కాకుండా, వచ్చేవారమే మొదలుపెట్టండి. రోజుకు ఒక్కసారి, పాపకు మరీ ఆకలి వేయకముందే, మీరు పక్కగదిలో ఉండగా అత్తగారు పట్టాలి, మీ వాసన తగిలితే పాప గిన్నెను గానీ సీసాను గానీ ముట్టదు. నాలుగైదు రోజులు మొరాయించినా బలవంతం చేయకండి. మీరు చేరిన తర్వాత రోజుకు ఆరుసార్ల కన్నా తక్కువ మూత్రం పోస్తున్నా, వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలైనా, బరువు పెరగడం ఆగినా వెంటనే పిల్లల వైద్యుడికి చూపించండి, వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాను కడగకుండా అలాగే వెంట తీసుకెళ్లండి.