యూనివర్సిటీ బయోటెక్నాలజీ సెంటర్‌లో సర్వీసు ఉద్యోగం రీసెర్చ్ కిందికి వస్తుందా?

మీ ప్రశ్న ఇదీ: అమెరికాలోని మ్యాడిసన్‌లో మాస్టర్స్ పూర్తి కావస్తోంది. అక్కడి విస్కాన్సిన్ యూనివర్సిటీ బయోటెక్నాలజీ సెంటర్‌లో సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాల వరస చదివే పని) వైపు ఉద్యోగానికి అప్లై చేయమని గైడ్ చెబుతున్నారు. గుంటూరులో ఇంట్లోవాళ్లేమో "ఎవరివో శాంపిళ్లు మెషిన్‌లో పెట్టే పనికి అంత చదువెందుకు, రేపు పీహెచ్‌డీకి అది లెక్కలోకి వస్తుందా" అంటున్నారు.

నేను హైదరాబాద్ నుంచి మ్యాడిసన్ వెళ్లి పీహెచ్‌డీ చేసినదాన్ని. అప్పుడు ఆ సెంటర్‌కి శాంపిళ్లు ఇచ్చే వైపు ఉన్నాను. తర్వాత ఇంకో యూనివర్సిటీలో అలాంటి సెంటర్‌లోనే శాంపిళ్లు పుచ్చుకునే వైపు పనిచేశాను. రెండు వైపులా చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, అప్లై చేయండి. అది రీసెర్చే. అయితే ఎలా రీసెర్చ్ అవుతుందో తెలుసుకుని చేరాలి.

ముందు ఆ సెంటర్ సంగతి. 1984లో పెట్టారు. హెన్రీ మాల్ మీద జెనెటిక్స్ విభాగం ఉన్న భవనంలోనే ఉంటుంది. డీఎన్‌ఏ సీక్వెన్సింగ్, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూసే జీన్ ఎక్స్‌ప్రెషన్, ప్రొటీన్ల కోసం మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువును బట్టి గుర్తుపట్టడం), జీనోమ్ ఎడిటింగ్‌తో, అంటే జన్యువుల్ని కోరినచోట మార్చి, ఎలుకల మోడళ్లు తయారుచేయడం, వచ్చిన డేటాని విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ అక్కడి పెద్ద విభాగాలు. స్కూలు పిల్లలకీ ఊళ్లలో జనానికీ సైన్స్ చూపించే బయోట్రెక్ అనే కార్యక్రమం కూడా వాళ్లదే. మంచి సీక్వెన్సర్, మంచి మాస్ స్పెక్ట్రోమీటర్ కోట్ల రూపాయల సరుకు. ప్రతి ల్యాబూ కొనుక్కోలేదు, కొన్నా దాన్ని రోజూ నమ్మకంగా నడిపే మనిషి దొరకరు. అందుకని అందరికీ ఒకచోట పెట్టి, వాడుకున్నదానికి డబ్బు తీసుకుంటారు. యూనివర్సిటీ ల్యాబ్‌లకి ఒక రేటు, బయటి యూనివర్సిటీలకి ఇంకో రేటు, కంపెనీలకి అంతకన్నా ఎక్కువ. ఇలాంటివాటిని అక్కడ కోర్ ఫెసిలిటీ అంటారు.

దీనివల్ల ఒక అదృష్టం ఉంది. పీహెచ్‌డీ విద్యార్థి ఐదారేళ్లు ఒక ప్రొటీన్‌తోనో ఒక మొక్కతోనో ఉండిపోతాడు. కోర్‌లో మనిషి ఒకే వారంలో క్రాన్‌బెర్రీ ఆకుల డీఎన్‌ఏ, పాలలో దొరికిన బ్యాక్టీరియా, క్యాన్సర్ కణాల ఆర్‌ఎన్‌ఏ చూస్తారు. అమెరికాలో పండే క్రాన్‌బెర్రీలో సగానికి పైగా విస్కాన్సిన్‌దే. వాటి ఆకుల్లో పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు మెండుగా ఉంటాయి. మన మామిడాకుల నుంచి డీఎన్‌ఏ తీసినవాళ్లకి ఈ బాధ తెలుస్తుంది. డీఎన్‌ఏ గోధుమరంగుకి తిరిగి, దాన్ని కాపీ చేసే ఎంజైమ్‌ని పనిచేయనివ్వదు. బెండకాయ లాంటివాటితో చేస్తే జిగురు పట్టుకుంటుంది. ఏ మొక్కకి ఏ పద్ధతి పనిచేస్తుందో ఒక ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకి ఒక మొక్క దగ్గరే తెలుస్తుంది. కోర్‌లో అందరి మొక్కలూ మీ చేతికే వస్తాయి.

ఇక మీవాళ్ల అసలు ప్రశ్న, సర్వీసు రీసెర్చ్ ఎలా అవుతుందని. మ్యాడిసన్ చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. హర్‌గోవింద్ ఖొరానా 1960లో అక్కడికి వచ్చారు, ఎంజైమ్ ఇన్‌స్టిట్యూట్‌లో పదేళ్లు పనిచేశారు. ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చేలా డీఎన్‌ఏ ముక్కల్ని రసాయనికంగా కూర్చి, వాటినుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ఏ మూడక్షరాలకి ఏ అమైనో ఆమ్లం వస్తుందో తేల్చడంలో ఆయన బృందం కొన్నేళ్లు గడిపింది. 1968లో నోబెల్ వచ్చింది. ఇవాళ 20 అక్షరాల ప్రైమర్ (డీఎన్‌ఏ కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న ముక్క) కావాలంటే కంప్యూటర్‌లో టైప్ చేసి ఆర్డర్ పెట్టేస్తాం. అదే యూనివర్సిటీలో ఫ్రెడ్ బ్లాట్నర్ బృందం ఏళ్ల తరబడి శ్రమపడి 46 లక్షల పైచిలుకు అక్షరాల ఈ. కోలై జీనోమ్‌ని 1997లో ప్రచురించింది. అప్పట్లో ప్రపంచమంతా మాట్లాడుకున్న పేపర్ అది. ఇప్పుడు అలాంటి బ్యాక్టీరియా జీనోమ్‌లు డజన్ల కొద్దీ ఒకే రన్‌లో పోతాయి, ఎవరూ తలెత్తి చూడరు.

అంటే నిన్న రీసెర్చ్ అనిపించుకున్నదే ఇవాళ సర్వీసు అయింది. ఈ మారడం దానంతటది జరగదు. ఒక ల్యాబ్‌లో ఒకసారి పనిచేసిన పద్ధతిని తీసుకుని, అది ఎవరి శాంపిల్ మీదైనా, ఏ రోజైనా పనిచేసేలా చేయాలి. ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో కనిపెట్టాలి. ఆ పని చేసేవాళ్లు కోర్‌లో వాళ్లే. జీనోమ్ ఎడిటింగే చూడండి. డీఎన్‌ఏని కోరినచోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి పేపర్ 2012లో వచ్చింది, 2020లో నోబెల్ వచ్చింది. కానీ ఎలుక పిండంలోకి దాన్ని ఎక్కిస్తే పుట్టే మొదటి తరం పిల్లల్లో ఒక్కో కణంలో ఒక్కో రకం మార్పు ఉండొచ్చు. తోక ముక్కలో కనిపించిన మార్పు వీర్యకణాల్లో ఉండకపోవచ్చు. అందుకే ఇంకో తరం పెంచి చూడాలి. ఈ సంగతి ముందే చెప్పి, ఎన్ని పిండాలు కావాలో, ఎన్ని నెలలు పడుతుందో లెక్క కట్టి ఇచ్చే మనిషి లేకపోతే ల్యాబ్‌ల డబ్బూ ప్రాణులూ రెండూ వృథా.

మీరు చేరబోయేది సీక్వెన్సింగ్ కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చెబుతాను. డీఎన్‌ఏ చదివే సాంగర్ పద్ధతి 1977 నాటిది, ఇప్పటికీ రోజూ నడుస్తుంది. ఒక ట్రేస్ (మెషిన్ గీసిచ్చే గ్రాఫ్) తెరిస్తే అక్షరానికో రంగు చొప్పున నాలుగు రంగుల శిఖరాలు వరసగా వస్తాయి. మొదట్లో కొద్ది అక్షరాలు గజిబిజిగా ఉంటాయి, తర్వాత శుభ్రంగా ఓ 700, 800 వరకూ పోయి, చివరికి శిఖరాలు వెడల్పై ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఇది ఆరోగ్యంగా ఉన్న ట్రేస్.

చెడినప్పుడే చదవడం తెలియాలి. మొదటి అక్షరం నుంచీ ప్రతిచోటా రెండేసి శిఖరాలుంటే ట్యూబ్‌లో రెండు డీఎన్‌ఏలున్నాయి, లేదా ప్రైమర్ రెండుచోట్ల అతుక్కుంటోంది. 300 దాకా శుభ్రంగా వచ్చి అక్కడినుంచి హఠాత్తుగా జంటలు మొదలైతే, తల్లి నుంచి వచ్చిన ప్రతికీ తండ్రి నుంచి వచ్చిన ప్రతికీ మధ్య అక్కడ ఒకటో రెండో అక్షరాలు ఎక్కువో తక్కువో ఉన్నట్టు. అది చెడిపోయిన డేటా కాదు, ఆ ల్యాబ్ వెతుకుతున్న మ్యుటేషన్ అదే కావచ్చు. ఏ అనే అక్షరం పది పన్నెండు సార్లు వరసగా వచ్చాక అలలు మొదలైతే ఎంజైమ్ జారింది, రెండో వైపు నుంచి చదవాలి. సిగ్నల్ బలంగా వస్తూ వస్తూ ఒక్కసారిగా పడిపోతే జీ, సీలు ఎక్కువగా ఉన్నచోట డీఎన్‌ఏ ముడుచుకుంది. అసలు ఏమీ రాకపోతే చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు. డీఎన్‌ఏని ఈడీటీఏ అనే రసాయనం ఎక్కువున్న బఫర్‌లో కలిపి పంపి ఉంటారు. ఎంజైమ్‌కి కావలసిన మెగ్నీషియాన్ని అది పట్టేసుకుంటుంది. ఇథనాల్ మిగిలిన శాంపిల్‌నైతే ముందు పరీక్షించే జెల్ పలక దగ్గరే గుర్తుపట్టొచ్చు, దాని గుంటలో (వెల్‌లో) వేయగానే అడుగున కూర్చోకుండా పైకి తేలిపోతుంది.

"ఫెయిల్ అయింది" అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లు మెషిన్ నడుపుతున్నారు. "మీ శాంపిల్‌లో ఇది జరిగి ఉంటుంది, ఇలా చేసి మళ్లీ పంపండి" అని రాసేవాళ్లు సైన్స్ చేస్తున్నారు. జీతం ఇద్దరికీ ఒకటే కావచ్చు. ఐదేళ్ల తర్వాత ఇద్దరికీ వచ్చే పని మాత్రం ఒకటి కాదు.

పక్క విభాగాల్లోనూ ఇదే. మాస్ స్పెక్ట్రోమెట్రీ వాళ్లకి రోజూ ఎదురయ్యేది కెరటిన్, అంటే శాంపిల్ చేసినవాళ్ల చర్మమూ జుట్టూ. జెల్ ముక్కని గ్లౌజు లేకుండా ముట్టుకున్నా, తల వంచి కోసినా అసలు ప్రొటీన్‌ని మించి అదే కనిపిస్తుంది. డిటర్జెంట్ మిగిలితే మరీ ఘోరం.

అన్నిటికన్నా విలువైన పని మాత్రం శాంపిల్ రాకముందు జరుగుతుంది. నేను కోర్‌లో ఉన్నప్పుడు ఒక ల్యాబ్ నుంచి ఆర్‌ఎన్‌ఏ శాంపిళ్లు వచ్చాయి. ఎవరి ల్యాబో ఇక్కడ అనవసరం. నాణ్యత బ్రహ్మాండంగా ఉంది, పదికి తొమ్మిది పైన. కానీ కంట్రోల్ (మందు వేయని) మొక్కలన్నిటినీ ఒక నెలలో ఒకరు, మందు వేసిన మొక్కలన్నిటినీ తర్వాతి నెలలో ఇంకొకరు చేశారు. వేల జన్యువుల్లో తేడా కనిపించింది. అది మందు వల్లా, నెల మారడం వల్లా, చెయ్యి మారడం వల్లా? ఏ సాఫ్ట్‌వేరూ విడదీసి చెప్పలేదు. ఆ విద్యార్థి ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ముందే ఒక అరగంట కూర్చుని మాట్లాడి ఉంటే, రెండు రకాల మొక్కల్నీ ప్రతి విడతలోనూ కలిపి చేయమని చెప్పేవాళ్లం. స్టాటిస్టీషియన్ రోనాల్డ్ ఫిషర్ 1938లో కలకత్తాలో జరిగిన భారత స్టాటిస్టికల్ సదస్సులోనే ఈ మాట అన్నారు: ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్ని పిలిస్తే ఆయన చేయగలిగేది పోస్ట్‌మార్టమే, ప్రయోగం దేనివల్ల పోయిందో చెప్పగలడేమో. మీరు కోర్‌లో చేరితే ఇలాంటి మీటింగుల్లో కూర్చోనివ్వమని మొదటి రోజునుంచే అడగండి. పది ల్యాబ్‌లు తమ ప్రయోగాల్ని ఎలా ఆలోచిస్తున్నాయో అక్కడ వినొచ్చు. ఏ కోర్సూ ఇది నేర్పదు.

పేపర్లలో పేరు వస్తుందా అని మీరు అడగలేదు కానీ మీవాళ్లు అడుగుతారు. శాంపిల్ మెషిన్‌లో పెట్టి ఫైల్ పంపినంత మాత్రాన రాదు, కృతజ్ఞతల్లో సెంటర్ పేరు వేస్తారు. ప్రయోగం డిజైన్ చేయడంలోనో, పద్ధతిని కొత్తగా మలచడంలోనో, డేటాకి అర్థం చెప్పడంలోనో మీ ఆలోచన ఉంటే సహ రచయితగా పేరుండాలి. ఫీజు కట్టాం కదా, పేరెందుకు అనడం సరికాదని ఇలాంటి కోర్‌ల అంతర్జాతీయ సంఘం ఏబీఆర్‌ఎఫ్ మార్గదర్శకాలే చెబుతాయి. ఈ విషయం పని మొదలయ్యే ముందే మాట్లాడుకోవాలి. అయ్యాక అడగడం ఇబ్బందిగా ఉంటుంది.

ఇంటికి తిరిగి రావాలనుకుంటే కూడా ఈ అనుభవం పనికొస్తుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీ లైఫ్ సైన్సెస్ స్కూల్ చూడండి. అక్కడ టమాటా మీద ఏళ్లుగా జీనోమిక్స్ పని జరుగుతోంది, మ్యూటెంట్ మొక్కల్ని పెంచి భద్రపరిచారు. క్యాంపస్‌లోనే స్టార్టప్‌ల కోసం బయోనెస్ట్ ఇంక్యుబేటర్ ఉంది. దేశంలో ఏ పరికరం ఏ సంస్థలో ఉందో చూసి బుక్ చేసుకునేలా కేంద్రం 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ మొదలుపెట్టింది. పరికరాలు మనకి తక్కువేం లేవు. వాటి పక్కన పదేళ్లు నిలబడే సైంటిస్టులకి మాత్రం మన యూనివర్సిటీల్లో పోస్టులు చాలా తక్కువ. ప్రాజెక్టు డబ్బుతో మెషిన్ వస్తుంది, దాన్ని నేర్చుకున్న కుర్రాడి కాంట్రాక్ట్ ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది, అతనికి తెలిసినదంతా అతనితోనే వెళ్లిపోతుంది. ఇది మారాలని నాకు చాలా గట్టిగా ఉంది. మీలాంటివాళ్లు ఆ పనిని చిన్నచూపు చూడకుండా నేర్చుకుని వస్తే పోస్టులు అడిగే గొంతులైనా పెరుగుతాయి.

వీసా విషయం పొట్టిగా: ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీ కాబట్టి ఇంకో 24 నెలలకి అప్లై చేసుకోవచ్చు. యూనివర్సిటీ ఉద్యోగానికి హెచ్-1బీ లాటరీ ఉండదు. ఫీజులూ రూల్సూ మారుతుంటాయి, మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో తాజాగా కనుక్కోండి.

ఇంటర్వ్యూలో వాళ్లని మీరు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. శాంపిల్ ఫెయిలైతే ల్యాబ్‌తో ఎవరు మాట్లాడతారు? కొత్త పద్ధతులు పరీక్షించడానికి వారంలో కొంత టైమ్ ఇస్తారా? సీక్వెన్సింగ్‌లో చేరినవాళ్లని డేటా విశ్లేషణ నేర్చుకోనిస్తారా? ఇంతకుముందు ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? చివరి ప్రశ్నకి వచ్చే జవాబు బట్టే చాలా తెలుస్తుంది. పీహెచ్‌డీకి వెళ్లినవాళ్ల పేర్లు చెబితే వాళ్లకి మెయిల్ రాయండి.

రేపు పీహెచ్‌డీకి అప్లై చేసేటప్పుడు "రెండేళ్లలో ఇన్ని వేల శాంపిళ్లు చేశాను" అని రాయకండి, అడ్మిషన్ కమిటీకి ఆ అంకె అక్కర్లేదు. ఫలానా మొక్క డీఎన్‌ఏ ఎందుకు పనిచేయలేదో ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు, తర్వాత ఏం వచ్చింది అనేది ఒక్క పేరాలో రాయండి. దానికోసం చేరిన రోజునుంచే ఒక నోట్‌బుక్‌లో ఫెయిలైన ప్రతి శాంపిల్ గురించీ రెండు లైన్లు రాసుకోండి.