జెనీవా వెళ్తున్న మా పాపకు

అనంతపురం

పాపా,

జెనీవాలో డయాబెటిస్ టీములో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే వీధంతా చాటుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు ఏఎన్‌ఎంగా కళ్యాణదుర్గం పల్లెల్లో తిరిగినదాన్ని, ఆ పని ఎక్కడ చెయ్యి కాలుస్తుందో నాకు తెలుసు.

స్వెట్టర్లు, పాస్‌పోర్టు మీ నాన్న చూసుకుంటాడు. వేళకు తిను. వెళ్ళే ముందు నీ షుగర్ కూడా చూపించుకో. మా అమ్మకు ఉండేది, మీ అమ్మకు ఉంది, నీకు ముప్పై దాటాయి. నవ్వి వదిలెయ్యకు.

2030 నాటికి టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం, ఉన్నవాళ్ళలో నూటికి నూరు మందికీ ఇన్సులిన్ అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకుందని చెప్పావు చూడు, ఆ 'అందడం' దగ్గరే నా మనసు ఆగిపోయింది.

నేను తిరిగిన పల్లెలో అదే షుగర్ ఉన్న పదమూడేళ్ళ పిల్ల ఉండేది. రేకుల ఇల్లు. ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకోవడం నేర్పింది నేనే. "సీసా ఫ్రిజ్‌లో పెట్టండి" అంటే వాళ్ళమ్మ తల ఊపింది. మే నెలలో ఎప్పుడు పరీక్ష చేసినా షుగర్ మూడు వందల పైనే. పిల్ల దొంగచాటుగా చెనిక్కాయల ఉండలు తింటోందని నేనే తేల్చేశాను. "తినలేదు మేడం" అని ఏడిస్తే, అబద్ధాలు కూడా నేర్చావా అన్నాను. నా మాట నమ్మి వాళ్ళమ్మ నా ఎదుటే పిల్లను కొట్టింది. నేను ఆపలేదు పాపా.

వారం తిరక్కుండానే వాంతులు, ఎగశ్వాస, నోట్లోంచి మాగిన పండు వాసన. ఆటోలో పెద్దాసుపత్రికి పరుగెత్తాం. మూడో రోజుకు కళ్ళు తెరిచింది. అప్పుడు వరండాలో వాళ్ళమ్మ చెప్పింది, ఇంట్లో ఫ్రిజ్ లేదని, సీసా పొయ్యి పక్క గూట్లో పెట్టానని. ముందే చెప్పడానికి సిగ్గేసిందట. వాడుతున్న సీసా అయినా ముప్పై డిగ్రీల లోపు ఉండాలి. మన మే ఎండ బయటే నలభై దాటుతుంది. సత్తువ పోయిన మందును ఆ పిల్ల రెండు పూటలా పొడుచుకుంది, పైగా నా తిట్లు, తల్లి దెబ్బలు.

ఆ సాయంత్రమే రెండు మట్టికుండలు కొని వాళ్ళింటికి తీసుకెళ్ళాను. పెద్దదాంట్లో చిన్నది పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడిపి, సీసాను కవర్లో చుట్టి లోపల పెట్టి, పైన తడిగుడ్డ కప్పాలి. నీడలో, గాలి తగిలేచోట ఉంచాలి. సూడాన్‌లోనూ ఇలాంటి కుండలు వాడతారని తరవాత తెలిసింది.

మీ టీములో డాక్టర్లు, లెక్కలు కట్టేవాళ్ళు, ధరల గురించి కంపెనీలతో మాట్లాడేవాళ్ళు ఉంటారన్నావు. అందరూ కావాలి. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, కాలిప్ 1923లో ఒక్కో డాలరుకే పేటెంటును టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. నూరేళ్ళు దాటినా అది కొనలేని ఇళ్ళున్నాయంటే కడుపు మండుతుంది. ధర తగ్గించడం వాళ్ళు చూస్తారు. నువ్వు మాత్రం మీ ఫారంలో 'మందు ఎక్కడ పెడుతున్నారు?' అనే గడి ఉందో లేదో చూడు. లేకపోతే పెట్టించు. ఆ ఫారం నింపే ఆశా కార్యకర్తను మీటింగులో కూర్చోబెట్టి, ముందు ఆమెను మాట్లాడనివ్వండి. ఏ దేశంలో ఇంటికి వెళ్ళినా అడిగి వంటింటి దాకా వెళ్ళు, సీసా చూపించమను.

చదువుకున్నవాళ్ళ మధ్య నోరు మూసుకుని కూర్చుంటావేమోనని నా భయం. చిన్నప్పుడు చెప్పు తెగినా చెప్పకుండా కాలు బొబ్బలెక్కేదాకా బడికి నడిచినదానివి. ఆ తల్లి సిగ్గు, నీ మొహమాటం ఒక్కలాంటివే బంగారూ. అక్కడ అలా ఉండకు.

ఆ పిల్లకిప్పుడు ఇద్దరు బిడ్డలు, ధర్మవరంలో మగ్గం నేస్తుంది. ఫ్రిజ్ కొనుక్కుంది, అయినా కరెంటు పోతే కుండ తీస్తుంది. నిన్న ఫోన్‌లో నీ సంగతి చెప్పాను, చూడాలంటోంది. విమానం ఎక్కేలోపు ఒక పూట రా, ఇద్దరం కలిసి వెళ్దాం. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టి ఉంచుతాను.

మీ పెద్దమ్మ