సహజ విటమిన్ ఇ, కృత్రిమ విటమిన్ ఇ: ఆరోగ్యవంతులకు ఏది మేలు?

ఆరోగ్యంగానే ఉన్న మీరు, చర్మానికీ జుట్టుకూ మంచిదని విటమిన్ ఇ వాడదామనుకుంటూ, ఎక్కువ ధర పెట్టి ‘నేచురల్’ కొనాలా, మామూలుది సరిపోతుందా అని అడిగారు. నాలుగేళ్ల క్రితం గుంటూరు బ్రాడీపేటలో ఒక మందుల షాపు ముందు నేనూ ఇదే సందేహంతో నిలబడ్డాను.

రెండు సీసాలనూ తిరగేసి చూస్తే సహజమైనదాని మీద ‘డి-ఆల్ఫా’ అనీ, కృత్రిమమైనదాని మీద ‘డిఎల్-ఆల్ఫా’ అనీ సన్నటి అక్షరాల్లో ఉంది. ఆ ‘ఎల్’లోనే అసలు తేడా ఉంది. సహజమైన దానిలో ఉండేది ఒకే రూపం. కృత్రిమమైన దానిలో 8 రూపాలు సమపాళ్లలో కలిసి ఉంటాయి. కాలేయంలోని ఒక ప్రోటీన్ వాటిలో సగాన్నే ఏరి రక్తంలో నిలుపుతుంది, మిగతావి త్వరగా బయటికి పోతాయి. అందుకే 400 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్లు, విటమిన్ల మోతాదుకు ఒక కొలత) మాత్రలో ఒంటికి పనికొచ్చేది సహజమైనదైతే 268 మి.గ్రా., కృత్రిమమైనదైతే 180 మి.గ్రా. కింద లెక్క.

అయితే అమెరికా ప్రమాణాల ప్రకారం పెద్దవారికి రోజుకు కావలసింది 15 మి.గ్రా. మాత్రమే. అంటే తక్కువ అనుకున్నది కూడా అవసరానికి 12 రెట్లు! 35 వేల మందికి పైగా పురుషులతో జరిగిన సెలెక్ట్ అధ్యయనంలో, రోజూ 400 ఐయూ కృత్రిమ విటమిన్ ఇ తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించిందని 2011లో తేలింది. సహజమైనదాన్నే 600 ఐయూ చొప్పున రోజు విడిచి రోజు సుమారు పదేళ్లు వాడిన ఆరోగ్యవంతులైన మహిళల్లోనూ గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్లు మొత్తం మీద తగ్గలేదు.

నేను ఖరీదైనదే కొని నాలుగు నెలలు వాడాను. జుట్టులో గానీ చర్మంలో గానీ మార్పు కనబడలేదు. అంతకంటే బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. గుండె వాల్వు ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడుతున్న మా నాన్నగారికి కూడా, మంచిదే కదా అని రోజుకొకటి ఇచ్చాను. మూడో వారంలో పళ్లు తోముకుంటుంటే ఆయన చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. పరీక్షలో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే అంకె) బాగా పెరిగి ఉంది. ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ, రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనికి అడ్డుపడుతుందని డాక్టరు గారు చెప్పి, వెంటనే ఆపించారు.

కొవ్వు సరిగా ఒంటబట్టని జబ్బులున్నవారికి డాక్టరు రాసి ఇవ్వడం వేరు. మీలాంటివారికి పొద్దుతిరుగుడు నూనె, బాదం, వేరుశనగల నుంచే ఇది అందుతుంది. పొద్దుతిరుగుడు నూనె ఒక టేబుల్ స్పూనులోనే 5 మి.గ్రా.కు పైగా ఉంటుంది. అయినా కొనాలనుకుంటే ఐయూలను కాక మి.గ్రా.లను చూసి, తక్కువ మోతాదుదే తీసుకోండి. ఇంట్లో రక్తం పలచబడే మందులు వాడేవారుంటే మాత్రం, డాక్టరును అడగకుండా వారికి ఒక్కటి కూడా ఇవ్వకండి.