‘అందరూ తీసుకున్నారు కదా’ అనకండి

సైకిల్ పందేల మీద పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నానికి చెందిన ఒక రిటైర్డ్ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మేం నలుగురు ఫ్రెండ్స్ ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తొక్కుతాం. అక్కడ టీ తాగేటప్పుడు ఎప్పుడూ ఒకటే గొడవ. ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్‌ని ఏడుసార్లు నెగ్గిన అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కాలంలో అందరూ బలం పెంచే మందులు తీసుకున్నవాళ్లే. అలాంటప్పుడు వాళ్లందరిలో మొదట వచ్చినవాడు గొప్పోడే కదా? అతని ఏడు టైటిళ్లూ లాగేసుకోవడం అన్యాయం కాదా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ

జవాబు: కాదు బాబూ. ఈ ‘అందరూ’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తీసుకోనివాళ్లు ఉన్నారు. ఆ మాటతో వాళ్లను రెండోసారి పందెం నుంచి గెంటేస్తున్నాం.

క్రిస్టోఫ్ బాసోన్స్ అని ఫెస్టినా టీమ్‌లో ఒక ఫ్రెంచ్ రైడర్. 1998 టూర్ ద ఫ్రాన్స్ మొదలయ్యే ముందు ఫెస్టినా టీమ్ కారు ఒకటి బెల్జియం సరిహద్దులో పట్టుబడింది. నడుపుతున్న విల్లీ వోట్ ఆ టీమ్‌లో రైడర్లకు మసాజ్ చేసే మనిషి. కారులో ఈపీఓ, గ్రోత్ హార్మోన్ వంటి నిషేధించిన మందులు కుప్పలుగా దొరికాయి. ఆ టీమ్‌ను పందెం మధ్యలో పంపేశారు. తర్వాత విచారణలో ఆ టీమ్ వాళ్లే చెప్పారు, బాసోన్స్ మాత్రం వీటి జోలికి రాలేదని. మరుసటి ఏడు అతను వేరే టీమ్ తరఫున టూర్‌కి వచ్చి, ఈ వేగాలు నమ్మేలా లేవని పత్రికలో రాశాడు. ఆల్ప్ డ్యూయెజ్ కొండకు వెళ్లే స్టేజ్‌లో, అంటే ఆ రోజు పందెంలో, మొత్తం మీద ముందున్నవాడు తొడిగే యెల్లో జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ అతని పక్కకు వచ్చి, నువ్వు ఇలా మాట్లాడటం ఆటకు మంచిది కాదు, ఇంటికి పో అన్నట్టు మాట్లాడాడు. తోటి రైడర్లు పలకరించడం మానేశారు. బాసోన్స్ టూర్ పూర్తి చేయకుండానే వెళ్లిపోయాడు. 2001తో అతని కెరీర్ ముగిసింది. మీ టీ కొట్టు దగ్గర అతని పేరు ఎవరైనా ఎత్తారా?

నోరు తెరిచి దెబ్బతిన్న ఇంకొకడు ఫిలిప్పో సిమియోనీ అనే ఇటలీ రైడర్. ఇతను ఒకప్పుడు మందు తీసుకున్నవాడే, ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు సలహాలిచ్చే మికేలే ఫెరారీ అనే డాక్టర్ మీద ఇటలీలో సాక్ష్యం చెప్పాడు. 2004 టూర్ 18వ స్టేజ్‌లో ముందు వెళ్తున్న చిన్న గుంపును అందుకుందామని సిమియోనీ బయల్దేరితే, పందెం దాదాపు గెలిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా అతని వెంట పడ్డాడు. యెల్లో జెర్సీ తమతో ఉంటే వెనకున్న పెద్ద గుంపు (పెలోటాన్) తమను వదలదు కాబట్టి, ముందున్నవాళ్లు సిమియోనీనే వెనక్కి పొమ్మని బతిమాలారు. పోయాడు. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ పెదాల మీద జిప్ లాగినట్టు సైగ చేశాడు, కెమెరాల ముందే. మందు తీసుకోవడం ఒక తప్పు. నోరు తెరిచినవాడి బతుకుతెరువు మీద దెబ్బ కొట్టడం అంతకంటే పెద్ద తప్పని నా లెక్క. ఎమ్మా ఓ’రైలీ అనే టీమ్ ఉద్యోగిని తాను చూసింది చెప్పినందుకు ఆర్మ్‌స్ట్రాంగ్ ఆమె మీద దావా వేశాడు, ఆమె నడవడిక గురించి నీచంగా మాట్లాడాడు.

ఇక ‘అందరూ తీసుకుంటే సమానమే’ అనే వాదన. అది లెక్కల్లో కూడా నిలబడదు. ఈపీఓ చేసే పని రక్తంలో ఎర్రకణాలు పెంచడం. రక్తంలో ఎర్రకణాలు ఎంత భాగమో చెప్పే అంకెను హెమటోక్రిట్ అంటారు. అప్పట్లో ఈపీఓని పట్టుకునే పరీక్ష లేదు. అందుకని 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఒక గీత గీసింది, మగవాళ్లకు 50 శాతం దాటితే పందెంలో దిగనివ్వమని. ఇప్పుడు చూడండి. పుట్టుకతో 41 ఉన్నవాడు మందుతో తొమ్మిది పాయింట్లు పెంచుకోవచ్చు. 47 ఉన్నవాడికి మూడే మిగులుతాయి. అదే మందు, అదే గీత. ఒకడికి కొండంత లాభం, ఇంకొకడికి గోరంత. పైగా ఫెరారీకి ఆర్మ్‌స్ట్రాంగ్ ఇచ్చింది పది లక్షల డాలర్లకు పైనే అని అమెరికా యాంటీ డోపింగ్ సంస్థ 2012లో బయటపెట్టింది. జీతం కోసం తొక్కే మామూలు రైడర్‌కి ఆ డాక్టర్ అందుతాడా?

1999 నుంచి 2005 దాకా టూర్ విజేతల పట్టికలో ఆ ఏడు గడులూ ఖాళీగా వదిలేశారు. రెండో స్థానంలో వచ్చినవాళ్లకు ఇవ్వలేదు, వాళ్లలో చాలామంది మీద కూడా మచ్చలున్నాయి కాబట్టి. ఆ ఖాళీ అలాగే ఉండాలి.

ప్రశ్న: సార్, 2024 టూర్‌లో స్లొవేనియా రైడర్ పొగాచర్ కొండ ఎక్కుతుంటే మా ఇంట్లో అందరం లేచి నిలబడి చూశాం. మర్నాడు మా తమ్ముడు ‘వీడూ అంతే’ అని తీసిపారేశాడు. నమ్మాలా వద్దా?
– బ్యాంకు ఉద్యోగిని, సీతమ్మధార

జవాబు: మీరు చెబుతున్నది ప్లాటో ద బెయ్ కొండ అయ్యుంటుంది. దాదాపు 16 కిలోమీటర్ల పొడవునా ఎక్కుడు దారి. అనంతగిరి ఘాట్‌లో తొక్కిన వాళ్లకు తెలుస్తుంది, అంత దూరం ఆగకుండా ఎక్కడమంటే ఏమిటో. దాన్ని పొగాచర్ 40 నిమిషాల లోపే ఎక్కేశాడు. 1998లో ఇటలీ రైడర్ మార్కో పాంతాని పెట్టిన రికార్డు కంటే మూడున్నర నిమిషాలకు పైగా తక్కువ. మీ తమ్ముడి అనుమానం ఇక్కడే పుట్టింది. పాంతానిని 1999లో, ఇటలీ పెద్ద పందెం జీరో ద ఇటాలియా గెలుపు చేతికందిన సమయంలో, హెమటోక్రిట్ గీత దాటిందని పంపేశారు. అలాంటివాడి రికార్డును మందు లేకుండా ఎలా కొట్టాడు?

ఒక సగం జవాబు రోడ్డు మీద కనబడుతుంది. సైకిళ్లు, టైర్లు, హెల్మెట్లు మారిపోయాయి. తిండి ఇంకా ఎక్కువ మారింది. ఇప్పటి రైడర్లు గంటకు 120 గ్రాముల దాకా కార్బోహైడ్రేట్లు తీసుకుంటున్నారు. పాత రోజుల్లో అందులో సగం దాటితే కడుపు తట్టుకోదనేవారు. 2008 నుంచి బయలాజికల్ పాస్‌పోర్ట్ ఉంది. ఒక్క శాంపిల్‌లో మందు దొరికిందా లేదా అని చూసి వదిలేయకుండా, ఏళ్ల తరబడి ఒకే మనిషి రక్తం ఎలా మారుతోందో గమనిస్తారు. దాచిన శాంపిళ్లను పదేళ్ల వరకు మళ్లీ పరీక్షించి కేసు పెట్టవచ్చు.

రెండో సగం కూడా చెప్పాలి. పొగాచర్ ఎప్పుడూ పట్టుబడలేదు. కానీ ‘నేను పట్టుబడలేదు’ అని అందరికంటే గట్టిగా అరిచింది ఆర్మ్‌స్ట్రాంగే. పొగాచర్ టీమ్‌ను నడిపే మౌరో జానెట్టి, 2008లో సోనియె డువాల్ టీమ్ మేనేజర్. ఆ ఏడాది టూర్‌లో ఆ టీమ్ రైడర్ రికార్డో రిక్కో మందుతో దొరికిపోయాడు, టీమ్ మొత్తం పందెం వదిలి వెళ్లిపోయింది. ఇది పొగాచర్ తప్పు అనను. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు మళ్లీ పెద్ద కుర్చీల్లో కూర్చోవడం మాత్రం నాకు మింగుడుపడదు. రైడర్‌కి శిక్ష వేస్తారు, మేనేజర్లు మరో జెర్సీతో తిరిగొస్తారు. ఆర్మ్‌స్ట్రాంగ్ టీమ్‌ను నడిపిన యోహాన్ బ్రునీల్‌కు 2018లో జీవితకాల నిషేధం పడింది. అలాంటి తీర్పులు ఇంకా రావాలి.

నేను పొగాచర్‌ని నమ్మి చూస్తున్నాను. రుజువు లేకుండా ఒక కుర్రాణ్ణి దొంగ అనను. మీరు లేచి నిలబడింది సరైన పనే.

ప్రశ్న: శాంపిల్ బాటిల్ మార్చేస్తే? మన దగ్గర డబ్బుంటే ఏదైనా మారుతుంది కదా!
– ఆటో డ్రైవర్, కంచరపాలెం

జవాబు: ఒక జాతీయ పోటీలో నేను సహాయకుడిగా ఉన్నప్పుడు ఈ తతంగం దగ్గర నుంచి చూశాను. పందెం అయిన క్షణం నుంచి ఒక మనిషి ఆటగాడి పక్కనే ఉంటాడు, చూపు తిప్పడు. సీల్ వేసిన కిట్లు బల్ల మీద వరసగా పెడతారు. ఏది కావాలో ఆటగాడే తీసుకుంటాడు. బాత్రూమ్‌లోకి అధికారి కూడా వస్తాడు. చొక్కా పైకెత్తాలి, మోచేతుల దాకా చేతులు కనబడాలి. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. ఆ రోజు ఎండకి ఒంట్లో నీళ్లు లేక ఆ కుర్రాడు చాలాసేపు సీసాల మీద సీసాలు నీళ్లు తాగుతూ కూర్చున్నాడు, వాళ్ల ట్రెయిన్ టైమ్ అయిపోతోందని అందరికీ ఒకటే టెన్షన్. తర్వాత ఆ కుర్రాడే తన చేత్తో ఎ, బి అని రెండు గాజు సీసాల్లో పోశాడు. మూత తిప్పుతుంటే టిక్ టిక్ టిక్ అని ఒక్కో పన్నూ పడుతుంది. ఇక వెనక్కి తిరగదు, తీయాలంటే మూత పగలగొట్టాల్సిందే. సీసా మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా అని గట్టిగా చదివి సంతకం పెట్టాడు.

మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో రష్యా వాళ్లు ఈ సీసాలనే తెరిచి మార్చారు. దానికి ఒక దేశ గూఢచారి సంస్థ, ల్యాబ్ గోడకు కన్నం, లోపలి మనుషులు అవసరమయ్యారు. చివరికి ఆ ల్యాబ్ డైరెక్టరే బయటికొచ్చి చెప్పేశాడు.

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఇన్‌హేలర్ లేకపోతే బయటికి రాను. జిల్లా పోటీల్లో దిగితే డోపింగ్ అంటారా? సైకిల్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ సంగతి చదివి భయమేసింది.
– డిగ్రీ విద్యార్థి, మల్కాపురం

జవాబు: భయపడకు నాన్నా. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు అనుమతి ఉంది. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. మామూలుగా ఒక పీల్పు 100 మైక్రోగ్రాములు, అంటే డాక్టర్ చెప్పినట్టు వాడితే గీత దరిదాపులకు కూడా పోవు. ఫ్రూమ్ శాంపిల్‌లో 2017 స్పెయిన్ పందెంలో పరిమితికి రెట్టింపు కనబడింది, 2018 జూలైలో శిక్ష లేకుండానే కేసు మూసేశారు. ప్రిస్క్రిప్షన్ మాత్రం దాచుకో. ఇన్‌హేలర్ మారిస్తే మళ్లీ అడుగు, కొన్ని మందులకు ముందే అనుమతి కావాలి.

ప్రశ్న: సైకిల్లో మోటారు పెట్టి గెలిచారట, నిజమేనా?
– పాఠకుడు, అనకాపల్లి

జవాబు: 2016 జనవరిలో బెల్జియంలో సైక్లోక్రాస్ (మట్టి, బురద దారుల్లో తొక్కే పందెం) ప్రపంచ పోటీల్లో ఒక బెల్జియం అమ్మాయి సైకిల్ ఫ్రేమ్‌లో దాచిన మోటారు దొరికింది. ఆరేళ్ల నిషేధం పడింది. ఇప్పుడు పందెం అయ్యాక సైకిళ్లకు ఎక్స్‌రే తీస్తున్నారు.

ప్రశ్న: అయ్యా, మా గుంటడికి పదహారేళ్లు. సైకిల్ పోటీల్లో మెడల్స్ వస్తున్నాయి. ఈమధ్య వాళ్ల కోచ్ బలానికని చీటీ లేని సీసాలో గోలీలు ఇస్తున్నాడు. రాష్ట్ర పోటీలకు ముందు ఇంజెక్షన్ కూడా వేయిద్దామంటున్నాడు. అడిగితే ‘అందరూ తీసుకుంటారమ్మా’ అంటాడు. వద్దంటే సెలక్షన్ పోతుందేమోనని భయం.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ఈ వారం ఇంకేం పని ఉన్నా పక్కన పెట్టి ముందు ఆ గోలీలు ఆపించండి. చీటీ లేని సీసాలో ఏముందో ఇచ్చేవాడికి కూడా తెలియకపోవచ్చు. 1967లో టామ్ సింప్సన్ అనే ఇంగ్లిష్ రైడర్ టూర్‌లో వాంటూ కొండ ఎక్కుతూ రోడ్డు మీదే కూలిపోయి చనిపోయాడు. 29 ఏళ్లు. ఒంట్లో ఆంఫెటమిన్లు ఉన్నాయి. ఎండ, అలసట ఆపమంటున్నా ఆ మందు ఆగనివ్వదు. మన విశాఖ ఎండలో, ఈ ఉక్కలో ఎదిగే పిల్లాడి గుండెతో ఆటలాడే హక్కు ఏ కోచ్‌కీ లేదు.

మన దేశం పరిస్థితి చెబితే మీకు ఇంకా బాధ కలుగుతుంది. 2022లో రెండు వేలకు పైగా శాంపిళ్లు పరీక్షించిన దేశాల్లో దొరికినవాళ్ల శాతం మన దగ్గరే ఎక్కువ, వందకు మూడు పైనే. కుర్రాళ్లు దొరుకుతున్నారు, మందు చేతిలో పెట్టినవాళ్లు తప్పుకుంటున్నారు. మీ అబ్బాయి శాంపిల్‌లో ఏదైనా కనబడితే ‘కోచ్ ఇచ్చాడు’ అంటే సరిపోదు, ఒంట్లో ఉన్నదానికి ఆటగాడిదే బాధ్యత. అయితే నియమాల్లో మీకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. పదహారేళ్ల వాడికి నిషేధించిన మందు ఇచ్చిన కోచ్‌కి జీవితకాల నిషేధం పడవచ్చు. ఆ సంగతి ఆ కోచ్‌కి మీరే చెప్పండి, మీ ఇంటాయన్ని పక్కన పెట్టుకుని.

సీసా పారేయకండి. మిగిలిన గోలీలతో సహా ఒక కవర్లో పెట్టి, ఏ తేదీన ఎన్ని ఇచ్చాడో కాగితం మీద రాయండి. ఫోన్లో వచ్చిన మెసేజ్‌లు తుడిచేయకండి. పిల్లాణ్ణి మంచి ఫిజీషియన్‌కు చూపించి రక్తపరీక్ష చేయించండి. ఇకమీదట ఏ మందైనా జాతీయ యాంటీ డోపింగ్ సంస్థ నాడా తెచ్చిన ‘నో యువర్ మెడిసిన్’ (Know Your Medicine) యాప్‌లో చూసుకున్నాకే వేయండి. ఆ కవరు, కాగితం మీ దగ్గర ఉంటే నాడాకు ఫిర్యాదు రాయవచ్చు. రాయడం మీకు కష్టమైతే ఈ పత్రిక ఆఫీసుకు కబురు చేయండి, నేను వచ్చి మీ పక్కన కూర్చుని రాసిపెడతాను.